మొహం తెలియని చెట్టు

మా దీవిలో, రంగత్ బజారులో వడ్రంగి షాపు దాటుతుంటే రంపపు పొడి ఎగిరొచ్చి పెదవి మీద పడింది. పడాక్ కలప అని నా నాలుకే చెప్పింది. ఆ వెంటనే మంగా దీదీ గుర్తొచ్చింది. ఆవిడ అన్న మాట ఈరోజుకీ చెంప మీద కొట్టినట్టే ఉంటుంది.

నేను జంగిల్ డిపార్ట్‌మెంట్లో చెట్లు నరికేవాణ్ణి. సర్కారు నరకడం ఆపించేశాక మా ముసలి ముఠాని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. నర్సరీ చూసే మంగా దీదీ, "వీళ్ళని నాకివ్వండి సార్, రిటైరయ్యేదాకా మొక్కలు పెంచుతారు" అంది. మా సోంపేట వైపు మనిషే. వయసులో నా కూతురంత, అయినా అందరిలాగే అక్క అన్నట్టు దీదీ అనేవాణ్ణి. రేంజరు ఒప్పుకున్నాడు గానీ పని చెడితే ఇళ్ళకి పంపేస్తానన్నాడు. నా పింఛను ఇంకా దూరం, ఇంట్లో ఆడమనిషి మంచం పట్టి ఉంది. ఈ పని పోతే మాకు ఇంకోటి లేదు.

మొదటి పని కలుపు తియ్యడం. అదేం బ్రహ్మవిద్య? మధ్యాహ్నానికి మడంతా నున్నగా చేసేశాం. దీదీ వచ్చి చూసి గట్టు మీద కూలబడిపోయింది. పీకిన కుప్పలోంచి ఒక మొక్క తీసి నాకు చూపించింది.

"ఇదేంటి పెద్దయ్యా?"

"పిచ్చి మొక్క."

"పడాక్."

పరాచికమాడుతోందనుకుని నవ్వాను. పడాక్ రెమ్మకి వరసగా ఆకులుంటాయి, దీనికి కాడకొక ఒంటి ఆకే ఉంది.

"చంటితనంలో ఇలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ నరికావు, వాటి పిల్ల మొహం తెలీదా నీకు?"

కళ్ళు మూసుకుని బెరడు తడిమి చెట్టు పేరు చెప్పేవాణ్ణి. కానీ అడవిలో ఎప్పుడూ తలెత్తే నడిచాను. కాళ్ళ కింద ఎన్ని నలిగాయో.

అంతలో రేంజరు వచ్చాడు. "క్యా హువా?" అని ఏమైందో అడిగాడు. మా పని అయిపోయిందనుకున్నాను.

"తప్పు నాది సార్. మొక్క చూపించకుండా పనిలో పెట్టాను" అంది దీదీ.

మాకోసం ఆఫీసులో మనిషి తప్పు నెత్తిన వేసుకోవడం నేనెక్కడా చూడలేదు. రేంజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ విత్తనం వేశాం. "మొలిచేదాకా ఇక్కడే కూచో. ప్రతిదాన్నీ నువ్వెవరని అడుగు. పేరు రేకు ముక్క మీద మేకుతో గీసి పక్కన గుచ్చు" అంది దీదీ.

"నాకు రాయడం రాదమ్మా."

"పడాక్ రాయడమెంత? నేను చూపిస్తాగా."

మేకు పట్టుకుని గీస్తుంటే మా ముఠాలో సూరిగాడు, "ఏరా, పళ్ళూడాక బళ్ళో చేరావా?" అని పకపకా నవ్వాడు. "నువ్వూ కూకో" అన్నాను. కూర్చున్నాడు.

దీదీ బదిలీ మీద ఓడెక్కి వెళ్ళిపోయింది. నేను ఆ నర్సరీలోనే రిటైరయ్యాను. ఇప్పటికీ దారిలో కొత్త మొలక కనబడితే వంగి, "నువ్వెవరు?" అని పైకే అడుగుతాను. ముసలాడికి మతి పోయిందని నవ్వుతారు. నవ్వుకోండి. కాలు మాత్రం పక్కన పెట్టి నడవండి.