కాచిన వైన్

1982 చలికాలం. న్యూజెర్సీలో ఎడిసన్‌కి దగ్గర్లో ఒక ఆసుపత్రి. మెడికల్ వార్డులో నర్సుగా నాది ఈవెనింగ్ షిఫ్ట్. కిటికీల అవతల మంచు పడుతూ ఉంటే వార్డంతా పాలలో మునిగినట్టు ఉండేది. పక్క మంచం దగ్గరి మాటలు కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించేవి.

లెవిన్ గారు నా పేషెంటు, డెబ్బై దాటిన యూదు పెద్దాయన. తిండి సహించక చిక్కిపోయారు. కాస్త బరువు పెరిగితేనే ఆపరేషన్ అన్నాడు సర్జన్. భోజనానికి ముందు చిన్న గ్లాసు వైన్ ఇమ్మని ఆర్డర్ రాశాడు. అపెటైట్ స్టిమ్యులెంట్, అంటే ఆకలి పుట్టించేది. ఆ రోజుల్లో అది మామూలే. వాళ్ళ ఆచారం ప్రకారం తయారైన కోషర్ వైన్ ఆయన భార్య తెచ్చిపెట్టి, రోజూ తనే పోసేది. ఆ గురువారం మంచు వల్ల ఆవిడ రాలేకపోయింది. ఆయన కునుకుతుంటే నేనే మూత తీసి పోశాను.

ఆయన కళ్ళు తెరిచి, గ్లాసు చూసి, తల అడ్డంగా ఊపారు. యూదులు కానివాళ్ళు పోసిన వైన్ తాగకూడదట. సీసా మొత్తం పారబొయ్యమన్నారు. ఎవరికైనా ఇచ్చేస్తానన్నాను. అదీ కుదరదట. ఇస్తే వాళ్ళు సంతోషిస్తారు, ఆ మెప్పు కూడా లాభమే, అలాంటి వైన్‌తో ఏ లాభమూ పొందకూడదు.

సింకు ముందు నిలబడి ఎర్రగా జారిపోతున్న వైన్ చూస్తూ ఉంటే నేను అక్కడ లేను. గుంటూరు జిల్లాలో మా ఊరి బావి దగ్గర ఉన్నాను. అమ్మ దోసిట్లోకి ఎవరో పైనుంచి నీళ్ళు పోస్తున్నారు. సముద్రాలు దాటినా ఈ పీడ వదల్లేదనుకున్నాను. ఒళ్ళు మండింది. వెనక్కొచ్చి అడిగేశాను.

"మా ఊళ్ళో మేం ముట్టుకుంటే నీళ్ళు మైలపడేవి. మీకూ నా చేతులు అలాంటివేనా?"

పరాయివాళ్ళతో కలిసి తాగితే స్నేహం ముదిరి వియ్యాలదాకా వెళ్తుందని పెద్దలు పెట్టిన కట్టడి అని ఆయన మెల్లగా చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఆ పూట ఆయన ట్రే ముట్టలేదు.

మర్నాడు పొద్దు వాలక ముందే భార్య ఇంకో సీసాతో వచ్చింది. ఈ వైన్ ఇంట్లో పొయ్యి మీద కాచి తెచ్చానంది. కాచినదాన్ని ఎవరు పోసినా వాళ్ళ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుందట. కాస్తే రుచి చచ్చిపోతుందని ఇన్నేళ్ళూ కాచిన వైన్‌ని గడప తొక్కనివ్వని మనిషి, పొద్దున్నే ఫోన్ చేసి కాచమన్నారట. ఆవిడ గ్లాసు అందుకోబోతే ఆయన ఆపారు.

"నువ్వాగు. నర్సు గారు పోస్తారు."

పోశాను. ఆయన వాళ్ళ భాషలో ప్రార్థన చెప్పి, తాగి, మొహం చిట్లించి, కషాయంలా ఉందన్నారు. తర్వాత సూప్ గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

కట్టుబాటు పాటించే ప్రతి మనిషీ నన్ను దూరం పెడుతున్నట్టు కాదని ఆ సాయంత్రం తెలిసింది. నాకొచ్చిన కోపం తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోను. ఆ మాట నేను అడగకపోతే ఆయన ఆ కషాయం తాగేవారు కాదు.