పగిలిన మూత

ఉచితంగా కుట్టు మిషన్ల పంపిణీ అన్న ఫ్లెక్సీ కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట నాకు అంటించినావిడ పేరు కూడా తెలియదు.

భీమవరంలో నరసాపురం బస్సెక్కి, ఒళ్లో కొత్త ఐస్ పెట్టెతో నా పక్కన కూర్చుంది. చేపలమ్మే ఆడవాళ్లకు ఇలాంటి పెట్టెలు అద్దెకిస్తానని, సరుకు అమ్ముడయ్యాకే అద్దె తీసుకుంటానని మాటల్లో చెప్పింది.

"మంచి సేవ చేస్తున్నారండి," అన్నాను.

ఆవిడ గయ్యిమంది.

"సేవేంటండీ? వ్యాపారం! సేవ చేస్తామని వచ్చినోళ్లు, చేపలమ్ముకునే మాకు కుట్టు మిషన్లిచ్చారు. వాటి పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. మాకు కావాల్సింది ఐస్ పెట్టెలండీ అని ఒక్కరం నోరెత్తితే ఒట్టు. ఊరికే ఇచ్చేవాళ్లని ఏమని అడుగుతామండీ? నా మిషను అమ్మేసి మొదటి పెట్టె కొన్నాను. అద్దె కడితే అడిగే నోరుంటుందండి."

వీరవాసరంలో బస్సాగింది. పగిలిన మూత పట్టుకుని ఒకామె ఎదురుచూస్తోంది. ఆవిడ దిగీ దిగగానే ఆమె తిట్లందుకుంది.

"అద్దె తీసుకోవడం తెలుసుగానీ మంచి మూత ఇవ్వడం తెలీదా? చేపలన్నీ మెత్తబడిపోయాయి!"

ఆ తిట్లు బస్సంతా వినబడ్డాయి. కొత్త పెట్టె ఆమె చేతికిస్తూ ఆవిడ కిందనుంచి కిటికీలో ఉన్న నా వైపు చూసింది. భీమవరం నుంచి ఒక్కసారి కూడా నవ్వని ఆ మొహం అప్పుడు నవ్వింది.