నల్లరంగు చేతుల ఓటు

మా అద్దకం షెడ్డు నడిపే ఆవిడను అందరం అక్క అంటాం. వయసులో నాకంటే చిన్నదే, తిట్టడంలో మాత్రం పెద్దది. ఆవిడ భర్త, మా బావ, నీలిరంగు తొట్టి దగ్గర పనిచేస్తాడు. ఆయన నోట మాట రావడమే గగనం.

కొన్నేళ్ల క్రితం బావ ఓటేయడానికి వెళ్తే, వేలి నిండా రంగు చూసి, వేసినవాడే మళ్ళీ వచ్చాడని బూత్ అధికారి వెనక్కి పంపేశాడు. వరుసలో ఎవరో "దొంగ ఓటు!" అన్నారు. బావ తల దించుకుని ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి అద్దకం పని చేసే మా వీధంతా ఓటుకు నీళ్లొదిలేసింది. మొన్న మురుగు కాలువ బాగు చేయించమని అడిగితే, "మీ వీధిలో ఓటేసేదెవరు?" అని కౌన్సిలర్ నవ్వాడు. అక్కకు ఒళ్లు మండిపోయింది.

ఈసారి అందరం ఓటేసి తీరాలని, ఎన్నికల వారం షెడ్డులో లేత రంగులు తప్ప కలపొద్దంది. చేతులకు తొడుగులు వేసుకోవచ్చు కదా అంటారేమో. గుడ్డ రంగు సమంగా పీల్చిందో లేదో మాకు వేళ్లే చెప్పాలి. తీరా పోలింగ్ ముందురోజు నల్ల యూనిఫారాల పని వచ్చిపడింది. పాత ఖాతా, కాదనలేం.

"మీరెవరూ తొట్టి దగ్గరికి రావద్దు," అని అక్క ఒక్కతే మణికట్ల దాకా చేతులు ముంచింది.

మర్నాడు మా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి, బావ తప్ప అందరం ఓటేశాం. చివర అక్క చేతులు చూసి అధికారి సిరా పుల్ల కింద పెట్టేశాడు.

"ఇదివరకే వేశావా అమ్మా?"

"లేదు సార్, రంగు పని."

"అయితే సిరా ఎక్కడ పెట్టను?"

నాకు అతన్ని నాలుగు దులిపేయాలనిపించింది. గేటు దగ్గర బావ మెడ చాచి చూస్తున్నాడు. ఆయన ఓటుకు రాలేదు, పెళ్ళాన్ని అవమానిస్తే తీసుకుపోదామని వచ్చాడు.

"ముందు జాబితాలో నా పేరు మీద గీత ఉందేమో చూడండి," అంది అక్క, గొంతు పెంచకుండా.

గీత లేదు. అధికారి పక్కనున్న పెద్దాయనతో గుసగుసలాడి, మణికట్టు పైన రంగు అంటని చోట సిరా గీశాడు.

అక్క ఓటేసి బయటికొచ్చి బావకు చెయ్యి చూపించింది. "నువ్వూ వెళ్లు."

"నా గోళ్లల్లో నీలం..."

"ఉంటే ఉండనీ. మోచెయ్యి ఉందిగా? చొక్కా మడుచుకో."

బావ చొక్కా చేతులు పైకి మడిచి వరుస చివర నిలబడ్డాడు. ఈసారి దొంగ ఓటని ఎవరూ అనలేదు.