కొబ్బరన్నానికి నేను పెట్టిన వంక

చిత్తూరు బజారులో మా నాయనది పాత్రల కొట్టు. బడి వదలగానే నేను గల్లా పక్కన స్టూలెక్కి కూర్చునేదాన్ని. ఎవరైనా బిందెను తిప్పి తిప్పి చూసి, "అడుగు పల్చంగుండాది, మెరుగు కూడా లేదు" అని మొహం చిట్లిస్తే నాయన నావైపు చూసి కన్ను గీటేవాడు. వాళ్లు ఆ బిందెనే చంకన పెట్టుకుని మెట్లు దిగాక చెప్పేవాడు: "వంక పెట్టినోళ్లే కొంటారు పాపా. బాగుండాది బాగుండాది అనేటోళ్లు చూసి పోతారు."

ఆ చదువు నాకు బడి చదువు కంటే బాగా ఒంటబట్టింది. చీరైనా చింతపండైనా ఎంత నచ్చితే అంత వంక పెడతాను. పెళ్లిచూపుల్లో మా ఆయన్ను చూసి "కొంచెం పొట్టి" అన్నానని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది. ఆ ముక్కకు అర్థం సంబంధం ఖాయం చేసుకోమనేనని మా నాయనకొక్కడికే తెలిసింది.

తిరుపతిలో మా ఇంటికి రెండు సందుల అవతల పోయినేడు ఒక మలేషియా హోటలు తెరిచారు. ఆరు బల్లలు, గోడ మీద చేత్తో రాసిన పట్టిక. నడిపే ఆమెది నగరి, మగ్గాల ఇల్లు. మలేషియాలో ఏదో హోటలు వంటింట్లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చిందట. మేం వెళ్లకముందే మా అమ్మాయి ఈ వివరాలన్నీ పట్టుకొచ్చింది.

"కొబ్బరిపాలతో అన్నం చేస్తాదంటమ్మా. అది అమ్మాలనే హోటలు పెట్టిందంట. పరోటాలూ నూడుల్సూ ఉత్తుత్తివే, ఆమె పానమంతా ఆ అన్నం మీదే ఉండాది."

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. వాకిట్లో సిమెంటు తొట్టిలో కత్తుల్లాంటి పొడవాటి ఆకులు. ఆ ఆకు వేసే అన్నం వండుతుందట. నేను నీళ్ల బాటిలుకు బేరమాడుతుండగానే కొబ్బరన్నం పళ్లెం వచ్చింది. గిన్నెతో బోర్లించిన తెల్లటి అన్నం, పక్కన ఎర్రటి కారం, వేయించిన పులికాట్ నెత్తళ్లనే చిన్న చేపలు, వేరుశనగ గింజలు, సగానికి కోసిన గుడ్డు. మొదటి ముద్దకే నేను మాట్లాడటం మానేశాను. మా ఆయన తన పరోటా వదిలి నా పళ్లెంలో రెండుసార్లు చెయ్యి పెట్టాడు. మూడోసారికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "ఎట్లుండాదక్కా?"

అంత బాగుంటే నా నోరు ఊరుకుంటుందా. "కొబ్బరి వాసన మరీ ఎక్కువయింది. కారంలో తీపేంది, పానకం మాదిరి? నెత్తళ్లు ఒక నిమిషం ముందే దించుంటే బాగుండు. ఈ రేటుకు మా వీధి చివర రెండు భోజనాలొస్తాయి."

అని, జవాబు కోసం చూశాను. మా బజారులోనైతే ఇక్కడే అసలు మాట మొదలవుతుంది. "అట్లంటే ఎట్లక్కా, నెత్తళ్లు యాడ దొరుకుతాయో తెలుసునా నీకు?" అని ఆమె ఎదురు తిరగాలి. నేనొక మెట్టు దిగాలి, ఆమె ఒక మెట్టు దిగాలి. ఆమె నా పళ్లెం వైపు ఒకసారి చూసి, "సరేక్కా" అని లోపలికి వెళ్లిపోయింది.

బిల్లులో ఆ పళ్లెం ఖరీదు వేయలేదు. "మరిచిపోయిందేమోమ్మా, చెప్దాం" అంది మా అమ్మాయి.

"మరిచిపోలేదు. బేరం తెగింది" అన్నాను. పళ్లెంలో ఒక్క మెతుకు మిగల్లేదు. దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోతూ ఇల్లు చేరాను.

నెల పోయాక మళ్లీ వెళ్లాం. నిజం చెప్పాలంటే ఆ అన్నం కోసం నేనే బయలుదేరదీశాను. గోడ మీద పట్టికలో కొబ్బరన్నం రాసి ఉన్న మొదటి వరస మీద సున్నం పూత ఉంది. తొట్టిలో ఆకులు కోసేవాళ్లు లేక గడప మీదికి వాలి ఉన్నాయి.

మా అమ్మాయి అడిగింది. ఆమె మామూలుగానే చెప్పింది. "తీసేసినాను పాపా. తినేటోళ్లందరూ నవ్వి పోతారు గానీ ఎవురూ ఏమీ చెప్పరు. మీ అమ్మే ఉండేమాట చెప్పింది. తిండి తెలిసిన మనిషనిపించింది. ఆ పొద్దు రాత్రి మళ్లీ వండి రుచి చూసుకున్నా. నాకూ వాసన ఎక్కువే అనిపించింది."

బల్ల మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. "నాకు చానా నచ్చిందమ్మా. నచ్చకపోతే నేను నోరే ఎత్తను" అన్నాను.

"నచ్చితే అట్లంటారా ఎవురన్నా?"

"అంటాదమ్మా" అన్నాడు మా ఆయన. "పెండ్లిచూపుల్లో నన్ను పొట్టోడనింది."

ఆమె నవ్వింది. ఆయన మాటకే నవ్వింది గానీ నన్ను నమ్మలేదు. నాకు తెలిసిన విద్యతోనే దిద్దుకుందామనుకున్నాను. "వచ్చే ఆదివారం మా ఇంటికి పదిమందికి చెయ్యి. నువ్వు చెప్పిందే రేటు."

అదే ఇంకా చెడగొట్టింది. ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "పోయినసారి నీళ్ల బాటిలుకే బేరమాడితిరి గదక్కా. ఈపొద్దు అడిగినంత ఇస్తామంటా ఉండారు. జాలిపడి కొనొద్దక్కా. నేను బాధపడలేదులే."

పరోటా తిన్నాం. బాగానే ఉంది. బాగుందని చెప్పాను కూడా, ఎవరికీ పట్టలేదు.

వెళ్లేటప్పుడు ఆమె కత్తెర తెచ్చి తొట్టిలో ఆకులు గుప్పెడు కోసి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "అంత ఇష్టమైతే తీసకపోండి. ఈడ ఊరికే పెరుగుతా ఉండాయి." ఊరికే వచ్చింది ఏదైనా రెండు చేతులా అందుకునే మనిషిని. మా అమ్మాయి మోచేత్తో పొడిస్తే గానీ చెయ్యి చాపలేదు.

ఆ ఆకులు ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. తలుపు తీస్తే ఆ అన్నం వాసన. వండటం నాకు రాదు, పారేయడానికి చెయ్యి రాదు. కూరగాయలకు పోయే దారి మార్చి ఆ హోటలు ముందునుంచే నడుస్తున్నాను. నిన్న కూడా తొంగి చూశాను. సున్నం పూసిన చోట ఇంకా ఏమీ రాయలేదు.