వడ్డించేవాడు

ముప్పై అయిదేళ్ల యాకస్వామి తొర్రూరు మైదానంలో రోజూ మోకాలికి పట్టీ చుట్టుకుని పరుగెత్తుతాడు. ఊరూరి ఫుట్‌బాల్ క్లబ్బులకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడినవాడు. బంతి అందగానే ముందున్నవాళ్లకిచ్చి, తాను ఖాళీ చోటుకు జరుగుతాడు. ఈసారి క్లబ్బువాళ్లు ఆట వీడియో చూశాకే జట్టులోకి తీసుకుంటామన్నారు. దోస్తులతో మ్యాచ్ పెట్టి, చెల్లెలు సంధ్య చేతికి ఫోన్ ఇచ్చాడు. తీరా చూస్తే వీడియోలో అతను కనబడిందే తక్కువ.

"నన్నెందుకు తియ్యలేదే?" అని కసిరాడు.

"బాల్ ఎటు పోతే అటు తీసిన అన్నా. పెండ్లి బంతిల వడ్డించినట్టు అందరికి పంచితివి. ఇగ నువ్వెట్ల కనవడ్తవ్?"

మర్నాడు మళ్లీ ఆడారు. "జర ఇటియ్యరాదే!" అని జట్టువాళ్లు మొత్తుకున్నా యాకస్వామి బంతి వదల్లేదు. జట్టు ఓడిపోయింది. వీడియో నిండా అతనే. పళ్లు కొరుకుతూ దాన్నే క్లబ్బుకు పంపాడు.