పటేలమ్మ పేస్‌మేకరు, నా చాయ్ గ్లాసు

ఆ రోజు నేను చేసిన తప్పు పైకి చాలా మర్యాదగా కనిపిస్తుంది. రోగి నాడి పట్టుకోవాల్సిన చేత్తో, రోగి కొడుకు ఇచ్చిన చాయ్ గ్లాసు పట్టుకున్నాను.

1983లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదాలో కొడకండ్ల దిక్కు ఒక ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. హోదాలో సర్జన్ ఉన్నాడు గానీ, అక్కడ నేను కోసినవి సెగగడ్డలే. నా కింద ఒక కాంపౌండరు, ఊళ్ళు తిరిగి కాన్పులు చేసే ఏ.ఎన్.ఎం. ఒకామె, ఒక జీపు. జీపు కుటుంబ నియంత్రణ శిబిరాల కోసం. మిగతా జబ్బులు నడిచి రావాలి.

ఆడవాళ్ళను పరీక్షించడానికి నాకు రెండు పద్ధతులుండేవి. తండాల నుంచి, వాడల నుంచి దవాఖానకు వచ్చినవాళ్ళను బల్ల మీద పడుకోబెట్టి, ఏ.ఎన్.ఎం.ను పక్కన నిలబెట్టి, పొట్ట నొక్కి చూసేవాణ్ని. ఊరి భూస్వాములైన పటేళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు దవాఖానకు రారు. డాక్టరే వాళ్ళింటికి పోవాలి. రోగి మంచం మీద తలవంచుకుని కూర్చుంటుంది, జబ్బు సంగతి ఇంటి మగవాడు చెబుతాడు. డాక్టరు చీర మీంచే స్టెతస్కోపు ఆనించి, గంభీరంగా తలూపి, చాయ్ తాగి రావాలి. ఈ వైద్యం ఏ కాలేజీలోనూ చెప్పరు. నాకు మాత్రం చాలా తొందరగా పట్టుబడింది.

పక్క ఊరి పటేలింటి అనసూయమ్మకు అరవై దాటాయి. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుని, కళ్ళు తిరిగి పడిపోతుంటే, కొడుకు అనంతరెడ్డి హైదరాబాదు తీసుకుపోయి పేస్‌మేకరు పెట్టించాడు. భుజం ఎముక కింద, చర్మం లోపల అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా. దాన్నుంచి ఒక తీగ రక్తనాళంలోంచి గుండె దాకా పోతుంది. గుండె మరచిపోయిన దెబ్బను డబ్బా గుర్తు చేస్తుంది. ఆ చుట్టుపక్కల అలాంటిది ఇంకెవరికీ లేదు. కాబట్టి ఊరంతా దానికి నిపుణులే. ఆమెను పిండిగిర్ని దిక్కు పోనివ్వలేదు, చేతిలోంచి రేడియో లాక్కున్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని వచ్చి, పటేలమ్మ ఉందా పోయిందా అని తొంగి చూసేవారు.

ఆపరేషనై కొన్ని వారాలు గడిచాక నాకు కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి చాయ్ సిద్ధంగా ఉంది.

"అంత భయమే సార్. మిషన్ పెట్టినకాడికెంచి గిట్లనే ఏదో ఒకటి చెప్తది," అన్నాడు అనంతరెడ్డి.

అనసూయమ్మ తల ఎత్తింది. "భయం కాదు డాక్టరు సాబ్. డొక్కల పిల్ల తన్నినట్టు తన్నుతాంది. ఎడమ దిక్కు ఒరిగితె ఇంకింత."

తలుపు చాటున కోడలు కిసుక్కుమంది. నేను ఊరుకోవచ్చు. కానీ ఇంత మంచి సందు దొరికాక డాక్టరుకు నోరు ఊరుకోదు. "ఈ వయసుల శుభవార్తనా అవ్వా?" అన్నాను. ఇల్లంతా నవ్వింది. ఆ ఊళ్ళో నా వైద్యానికి ఎన్నడూ రానంత పేరు ఆ జోకుకు వచ్చింది. ఒళ్ళు కొత్త వస్తువుకు అలవాటు పడేదాకా మనసు ఇలాంటివి కల్పిస్తుందని ఉపన్యాసమిచ్చి, ఒక బి కాంప్లెక్సు సూది, కొన్ని నిద్రమాత్రలు ఇచ్చి వచ్చాను. ఆమె మళ్ళీ నోరు విప్పలేదు. దాన్ని నేను గుణం కనిపించడం అనుకున్నాను.

తరువాత ఆమెకు తల తిరగడం మొదలైంది. వంటింటి దర్వాజ పట్టుకుని ఒకసారి జారి కూర్చుంది కూడా. డాక్టరు నిద్రమాత్రలు ఇచ్చాడు కదా, మత్తు ఉండదా అని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. అంటే రోగం నేను కనిపెట్టకపోవడమే కాదు, అది దాక్కోవడానికి చోటు కూడా నేనే ఇచ్చాను.

ఒకరోజు పొద్దున ఓ.పి. నడుస్తుండగా కాంపౌండరు ఇల్లు అంటుకున్నట్టు ఉరికొచ్చాడు. "సార్, పటేలమ్మ లైన్ల కూసున్నది!"

బయటికి పోయి చూస్తే, చీటీ చేతిలో పట్టుకుని, గోడకానుకుని అనసూయమ్మ. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి వచ్చిందట. లోపలికి రమ్మని బతిమాలాను. తన ముందు కూర్చున్న తండా ఆమెను చూపించింది. "గీ సక్రి నాకంటె ముందొచ్చింది. ముందుగల ఆమెను చూడు."

సక్రిని చూశాను. అంత శ్రద్ధగా మలేరియాను అంతకుముందెప్పుడూ చూసి ఉండను. తరువాత అనసూయమ్మ వచ్చి, ఎవరూ చెప్పకుండానే బల్ల మీద పడుకుంది.

"ఇంట్లయితె నువ్వు నా కొడుకును చూస్తవు బిడ్డా. గీడనన్న నన్ను చూడు."

ఏ.ఎన్.ఎం.ను పిలిచి, ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టాను. లోపలినుంచి తన్నింది. గడియారంలా, ఆగకుండా, నిమిషానికి డెబ్బై సార్లు. పేస్‌మేకరుకు పెట్టిన వేగం అదే. రెండో చెయ్యి మణికట్టు మీద పెట్టాను. అక్కడ నాడి అందులో సగం కొంచెం దాటింది. అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తీగ కొస తన చోటినుంచి జరిగింది. డబ్బా కొడుతున్న దెబ్బల్లో చాలావాటిని గుండె అందుకోవడం లేదు. గుండె కింద ఊపిరి ఆడించే కండరం, డయాఫ్రం, అందుకుంటోంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మొదటి రోజే నేను చెయ్యి పెట్టి ఉంటే తెలిసేది. చేతిలో గ్లాసు ఉంది మరి.

అంతలో మోటరుసైకిలు చప్పుడు. అనంతరెడ్డి. "మా అమ్మను లైన్ల కూసోబెడ్తరా సార్? నలుగురు చూస్తె ఏమనుకుంటరు?"

అతని చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ డొక్క మీద పెట్టాను. అతని ముఖం మారింది.

"తన్నుతాందా కొడుకా?" అంది ఆమె. "తమ్ముడో చెల్లెనో నువ్వే చెప్పు."

జీపు ఆ రోజు పెద్దవంగర దిక్కు నుంచి శిబిరానికి మనుషుల్ని తేవాలి. ఆమెను అందులో పడుకోబెట్టుకుని హైదరాబాదు బయలుదేరాం. జనగామ దాటాక ఆమె కళ్ళు తేలేసింది. కాళ్ళు పైకెత్తి, ఇంజక్షను ఇచ్చి, గొంతు పక్క నాడి మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను. తెలివి వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. అనంతరెడ్డి డ్రైవరును జర తొందరగా పోనియ్యమని ఒకసారి, మెల్లగా పోనియ్యమని ఒకసారి అరిచాడు.

దవాఖానలో ఎక్స్‌రే తీసి, తీగ జరిగిందని తేల్చి, ఆ రోజే మళ్ళీ ఆపరేషను గదికి తీసుకుపోయి సరిచేశారు. తెల్లారి పెద్ద డాక్టరు, ఇన్ని రోజులు అక్కడ ఎవరికీ చూపించలేదా అని ఆమెనే అడిగాడు. ఆమె నా దిక్కు ఒకసారి చూసింది. "చూపించిన. గప్పుడు సారుకు చాయ్ వేడిగుండె."

శిబిరానికి జీపు ఎందుకు రాలేదో సంజాయిషీ చెప్పమని జిల్లా నుంచి నాకు మెమో వచ్చింది. ఆ యేడు నేను చేసిన ఒకే ఒక్క సరైన పనికి అది గుర్తింపు.

ఆమె ఇంటికి వచ్చాక వెళ్ళాను. నవ్విన వాళ్ళందరినీ ముందు గదిలోకి పిలిపించమన్నాను. ఆమె చెప్పింది నిజమని, తప్పు నాదేనని, ఆ జోకు కూడా నాదేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తరువాత అనంతరెడ్డిని బయట కూర్చోమని, ఆమెను ఆమె సంగతి అడిగాను. మెట్లెక్కితే మెడలో గుబ్బుగుబ్బుమంటుందట. చేదతో నీళ్ళు తోడితే డబ్బా లోపల ఎదురు తిరిగినట్టవుతుందట. చలికి మచ్చ చురుక్కుమంటుందట. చేద కొన్నాళ్ళు ముట్టొద్దని, మిగతావి ప్రమాదం కావని, డొక్కలో తన్నడం మళ్ళీ మొదలైనా, తల తిరిగినా ఆ పూటే రావాలని చెప్పాను. పిండిగిర్నికి పోవచ్చన్నాను, రేడియో తిరిగి ఇప్పించాను. నెలనెలా ఆమెను చూశాను, దవాఖానలోనే. ఆమె చీటీ తీసుకుని లైన్లోనే వచ్చేది.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే: ఒంట్లో ఏమవుతుందో ఆ ఒళ్ళు గలవాళ్ళను అడగాలి, అడిగాక చెయ్యి పెట్టి చూడాలి. తరువాత మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో పనిచేసినప్పుడు కూడా ఎంత పెద్దింటికి పోయినా ఏ.ఎన్.ఎం.ను వెంట తీసుకుపోయాను. మగవాళ్ళను బయటికి పంపాను. పరీక్ష అయ్యేదాకా చాయ్ ముట్టలేదు. కొన్ని ఇళ్ళవాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు. మిగతా ఇళ్ళలో చల్లారిన చాయ్ తాగాను.