కుండీల్లో మన్ను మార్చిన వేసవి

మా వసారాలో పదకొండు కుండీలుండేవి. కనకాంబరాలు నాలుగు, క్రోటన్లు మూడు, మరువం రెండు, ఒక మల్లె, ఒక దవనం. అన్నీ బంకమట్టిలోనే. అరవయ్యో దశకం చివర, నేను డిప్లమా ముగించి, ఉద్యోగం కాగితం కోసం చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో కూచున్న రోజులవి. చదువు దేనికి పనికొచ్చిందని అమ్మ రోజుకి రెండుసార్లు అడిగేది.

ఆ ఏడాది కుండీలన్నీ వదిన చేతిలో ఉన్నాయి. పాతపట్నం వైపు నుంచి ఆమె మా ఇంటికొచ్చి ఏడాది అయింది. నారుమడిలో తొలి గుప్పెడు విత్తనం చల్లేది మా ఇంటి కోడలే. అయితే ముందు ఆమె చెయ్యి మంచిదో కాదో తేలాలి. అందుకు ఒక వేసవి కుండీలు అప్పగించేవారు. అమ్మ అలాగే నెగ్గింది. మా పిన్ని నెగ్గలేదు. ఆవిడ ఇప్పటికీ విత్తనాల గాదె ముట్టుకోదు.

బంకమట్టిలో నీరు పైనే నిలిచిపోతోందని, వేళ్లకి గాలి అందదని నేను తేల్చాను. ఊరవతల పారే గెడ్డలోంచి ఇసక తెచ్చి మూడుసార్లు కడిగి జల్లించాను. ఇసక రెండు పాళ్లు, ఊక ఒక పాలు, మాగిన పేడ గత్తం ఒక పాలు కలిపాను. మొక్కలన్నీ పీకి, పాత మట్టి రవ్వంత మిగలకుండా వేళ్లని బకెట్లో జాడించాను.

వదిన చూస్తూ నిలబడింది. "బాబూ, ఏళ్లకి పాత మట్టి కూసింత ఉండనీ. అలవాటు పడతాయి."

"అలవాటు పడాల్సింది మొక్కలు. నువ్వు కాదు."

కొత్త మన్నులో మొక్కలు నాటి, కుండీలు ఎండలో వరసగా పెట్టించాను. పొద్దున ఒక్కొక్కదానికి ఒక చెంబు నీళ్లు, మళ్లీ మర్నాటి దాకా చుక్క పొయ్యకూడదు అన్నాను. ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయని పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం బంకమట్టి గురించి రాసినదని ఆలోచించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. "తలలొంచేస్తన్నాయి బాబూ. కాసిన్ని నీళ్లు పొయ్యనా?"

"వద్దు. చెప్పినట్టు చెయ్యి."

చేసింది. మర్నాడు ఎండవేళ కుండీల ముందు ఊరికే నిలబడి ఉంటే, ఏం చేస్తున్నావని అడిగాను.

"ఏటీ నేదు. నిల్చున్నాను."

తన నీడ వాటి మీద పడేట్టు నిలబడిందని అప్పుడే అర్థమైంది. నవ్వి లోపలికి పోయాను.

వారం తిరిగేసరికి ఏడు కుండీలు మాడిపోయాయి. అమ్మ దవనం కాడ విరిచి వదిన ఒళ్లోకి విసిరింది. "నీ సేతిలో నిప్పులున్నాయేటే? నా దగ్గిర ఇన్నేళ్లు బతికినయ్యి, నీ సెయ్యి తగిలీసరికి మాడిపోనాయి. మీ అమ్మ సెయ్యీ ఇంతేనేటి? కబురెట్టి అడుగుదునా?"

వదిన నా వైపు చూసింది. మన్ను మార్చిందీ నీళ్లు ఆపించిందీ నేనేనని చెప్తే చాలు. ఆమె చెప్పినా ఎవరూ నమ్మరు.

అమ్మ వెళ్లాక మిగిలినవాటిలో ఒక కుండీలో వేలు గుచ్చాను. రెండు కణుపుల లోతు దాకా పొడి. పొద్దున పోసిన నీళ్లు క్షణాల్లో అడుగు నుంచి కారిపోయాయి. పీచువేళ్లు నా బకెట్లోనే పోయాయి. తప్పు ఎక్కడుందో తెలియడానికి అర నిమిషం పట్టింది.

మిగిలిన నాలుగింటిని వెనక గదిలో నీడకి చేర్చాను. వేళ్ల చుట్టూ పాత మట్టి గుప్పెడు వేశాను. ఆకులు సగం తుంచి, తడిపిన గోనె కుండీలకి చుట్టి, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం నీళ్లు చిలకరించాను. పది రోజులకి చిగురొచ్చింది. తరవాత రోజుకో జానెడు వెలుగు వైపు జరిపాను. ఇదంతా మొదటి రోజు చెయ్యాల్సింది.

అమ్మ చిగుళ్లు చూసి, వదినకి వినబడేలా అంది. "సూసావా, సదువుకున్నోడి సెయ్యి. నువ్వు సంపీసినవి ఈడు బతికించీసాడు."

చెబుదామనే నోరు తెరిచాను. "నీడలో పెట్టాను" అన్నాను. అంతే అన్నాను. నా చదువుని ఆ ఇంట్లో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

తొలకరి పడ్డాక అమ్మ మొలకెత్తిన విత్తనాల బుట్ట నా చేతికిచ్చింది. వదిన గంజి కుండ నెత్తిన పెట్టుకుని మాతోనే నారుమడికి వచ్చింది.

"నువ్వు గట్టు దిగకే" అంది అమ్మ.

వదిన ఆగింది. అన్నయ్య మడి అవతల చివర నీటి గండి సరిచేస్తూ తలెత్తలేదు. నేను బురదలోకి దిగి, గుప్పెడు నింపుకున్నాను. చెయ్యి ఎంత విసురుగా తిప్పితే గింజలు సమంగా పడతాయో ఒకసారి లెక్క వేసుకుని, చల్లాను.